ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రోజూ రాత్రి జపనీస్ వంట కుదురుతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో చెప్తాను. ఈ మధ్యే టోక్యోలో నిషికసాయికి వచ్చారు, ఇద్దరూ ఉద్యోగస్తులు. నాలుగేళ్ల బాబు హోయికుఎన్‌లో (పిల్లల్ని చూసుకునే బడి) మధ్యాహ్నం అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, చేప ఇష్టంగా తిని, రాత్రి ఇంట్లో కూడా అవే కావాలంటున్నాడు. వాణ్ణి తీసుకుని ఇల్లు చేరేసరికి ఏడవుతోంది. ఇంట్లో అత్తయ్యగారు పూర్తి శాకాహారి. వీడియోల్లో ఒక్క పూటకి నాలుగైదు గిన్నెలు చూసి, ఇది మన వల్ల అయ్యేదేనా అనిపిస్తోంది. వంటలో వేసే తియ్యటి మద్యం మిరిన్, బియ్యపు మద్యం సాకే లేకుండా చెయ్యొచ్చా అని కూడా అడిగారు.

కుదురుతుందండీ, అరగంట చాలు. టైమర్ పెట్టిన అన్నం, కూరముక్కలు నిండుగా వేసిన మిసో సూప్ ఒకటి, పెనం మీద పావుగంటలో అయ్యే వంటకం ఒకటి. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే ఇళ్లలో చాలామంది వారం మధ్యలో వండుకునేది ఇంతే. వీడియోల్లో మీరు చూసిన ఒక సూపు, మూడు కూరల పద్ధతిని ఇచిజూ సన్సాయ్ అంటారు. అది సత్రాల్లో, పండగల్లో, తీరిక ఉన్న ఇళ్లలో బాగుంటుంది. టీవీలో వంటలు నేర్పే దోయ్ యొషిహారు గారు ఇక్కడ ఇంటింటికీ తెలిసిన మనిషి. రోజువారీ భోజనానికి అన్నం, ముక్కలు దండిగా ఉన్న సూపు, కాస్త ఊరగాయ ఉంటే చాలని ఆయనే ఏళ్లుగా చెబుతున్నారు. ఆయనే చాలంటున్నప్పుడు మీరు బెంగపడక్కర్లేదు.

నేను చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ముందు ఒసాకాలో, ఇప్పుడు యొకొహామాలో. కొత్తగా వచ్చిన మన కుటుంబాలకు వీలైనప్పుడల్లా ఇక్కడి వంట చూపిస్తుంటాను. వాళ్లందరికీ మొదట చెప్పేది ఒకటే: మన వంటలో టైమంతా ఎక్కడ పోతుందో చూడండి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి, టమాటా మగ్గాలి, మసాలా పచ్చివాసన పోవాలి, పప్పు మెత్తగా ఉడకాలి. రుచంతా అప్పటికప్పుడు పొయ్యి మీద పుట్టాలి. ఇక్కడ అలా కాదు. సోయా సాస్, మిసో నెలల తరబడి పులిసి ఊరి వస్తాయి. అంటే రుచికి పట్టే కాలం సీసాలో పడకముందే అయిపోయింది. మనం చెయ్యాల్సిందల్లా ముక్క ఉడికించి ఆ రుచి పట్టించడం. అందుకే పావుగంట చాలు. అందుకే నా గట్టి సలహా, దీనికి పోపు పెట్టకండి, అల్లంవెల్లుల్లి ముద్ద వెయ్యకండి. కొన్నాళ్లు ఉన్నదున్నట్టు వండండి. బాబు హోయికుఎన్‌లో తింటున్న రుచి అదే.

అన్నం సంగతి మొదట తేల్చేద్దాం. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ. దాన్నే ఒక గో అంటారు, సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. వంటకు వాడే మామూలు కొలత కప్పేమో 200 మి.లీ. ఈ రెండూ కలిపేసుకుంటే అన్నం ముద్దయిపోతుంది. సోనా మసూరికి పోసినట్టు ఒకటికి రెండు ఎసరు పోయకండి, గిన్నె లోపలి గీత దాకా చాలు. పొద్దున్న వెళ్లేముందు కడిగి నీళ్లు పోసి, సాయంత్రం ఏడింటికల్లా అయ్యేలా టైమర్ పెట్టండి. ఎండాకాలంలో మాత్రం బియ్యం రోజంతా నీళ్లలో ఉంటే పులిసిన వాసన వస్తుంది. జులై, ఆగస్టుల్లో నేను టైమర్ జోలికి పోను. ఆదివారం ఎక్కువ వండి, వేడి మీదే ఒక్కొక్కరికి సరిపడా ప్లాస్టిక్ ర్యాప్‌లో పల్చగా చుట్టి, చల్లారాక ఫ్రీజర్‌లో పెడతాను. మైక్రోవేవ్‌లో రెండున్నర, మూడు నిమిషాలు తిప్పితే అప్పుడే దించిన అన్నంలా ఉంటుంది. ఇక్కడ అందరూ చేసే పనే ఇది. అన్నం గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తే గట్టిపడి పలుకుపలుకుగా అవుతుంది, అలా చేయకండి.

ఇప్పుడు సూపు. అసలు బలమంతా ఇందులో ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మిసో సూప్ అంటే నాలుగు టోఫు (సోయా పనీర్) ముక్కలు తేలే పల్చటి నీళ్లు అనుకోకండి, అది హోటల్ సూపు. ఇంట్లో చేసేదాన్ని గుదకుసాన్ అంటారు, గరిట నిలబడేటన్ని ముక్కలుంటాయి. దైకాన్ ముల్లంగి, క్యారెట్, బంగాళాదుంప, ఉల్లిపాయ, క్యాబేజీ, గుమ్మడికాయ, పుట్టగొడుగులు, ఫ్రిజ్‌లో ఏది మిగిలితే అది. కూరల వాటా అంతా సూపులోకే వెళ్లిపోతుంది కాబట్టి పక్కన ఇంకో కూర వండే పని తప్పుతుంది. నలుగురికి 700 మి.లీ. దాషి (సూపుకి ఆధారమైన రసం), మూడు టేబుల్‌స్పూన్ల మిసో. దుంపలు చల్లటి దాషిలోనే వేసి పొయ్యి వెలిగించండి, ఆకుకూరలు, టోఫు చివర్లో. ముక్కలు మెత్తబడ్డాక పొయ్యి కట్టేసి, అప్పుడు మిసో కలపాలి. గరిటలోకి కాస్త మిసో తీసుకుని, గరిటను సూపులో సగం ముంచి, చాప్‌స్టిక్‌తో అందులోనే మెదిపి వదలండి. నేరుగా వేస్తే ఉండ కట్టి అడుగున కూర్చుంటుంది. మళ్లీ మరిగిస్తే మిసో కమ్మటి వాసన పోయి ఉప్పు మాత్రం మిగులుతుంది. రాత్రిది మర్నాటికి మిగిలితే సన్నసెగ మీద వేడెక్కగానే దించేయండి.

దాషి గురించి మీ ఇంటికి ఒక ముఖ్యమైన మాట. కొట్లో దొరికే దాషి పొడులు, పొట్లాలు, మెన్‌త్సుయు (నూడుల్స్ రసం) సీసాలు దాదాపు అన్నిటిలోనూ ఎండు చేప ఉంటుంది. దాషి-ఇరి (దాషి కలిపినది) అని రాసిన మిసోలో కూడా సాధారణంగా ఉంటుంది. పైకి శాకాహారంలా కనిపించే ఉడికించిన గుమ్మడికాయ ముక్కలోనూ, దాషిలో నానబెట్టిన పాలకూర ఒహితాషిలోనూ చేప రసం ఉండొచ్చు. అత్తయ్యగారికి ఇది చెప్పకుండా పెట్టడం తప్పు. దీనికి పరిష్కారం తేలిక. లీటరు నీళ్ల సీసాలో 10 గ్రాముల కొంబు (ఎండు సముద్రపు నాచు) ముక్క, మూడు నాలుగు ఎండు షీటాకే పుట్టగొడుగులు వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి దాషి రెడీ, పొయ్యి వెలిగించే పనే లేదు. రెండు మూడు రోజులు నిలవ ఉంటుంది. నానిన పుట్టగొడుగులు కోసి సూపులో వేసుకోవచ్చు. ఇదేదో సర్దుబాటు వంట అనుకోకండి. కోయాసాన్ లాంటి బౌద్ధ క్షేత్రాల్లో షోజిన్ అనే శాకాహార వంటకి శతాబ్దాలుగా ఆధారం ఈ కొంబు, షీటాకేలే. 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే కమ్మటి రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టింది కూడా కొంబు నుంచే. షీటాకేలో ఉండే గ్వానిలేట్ దానికి తోడైతే రుచి కొన్ని రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో అందరికీ ఈ ఒక్క దాషే వాడండి, రెండు సూపులు పెట్టుకోకండి. బాబుకి తేడా పెద్దగా తెలియదు.

ఇక పెనం మీద వంటకం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే కొలత: సోయా సాస్, మిరిన్, సాకే మూడూ సమానం. తీపి కావాలంటే కాస్త పంచదార. ఇదే గ్లేజులా చిక్కబడితే తెరియాకి, అల్లం తురుము చేరితే షోగాయాకి, దాషితో పల్చబడితే నికుజాగా (మాంసం, బంగాళాదుంపల కూర), దోన్‌బురి (అన్నం మీద కూర వేసిన గిన్నె). వంటకాల పేర్లు మారతాయి, చేతికి అలవాటు కావాల్సింది మాత్రం ఈ ఒక్క కొలతే.

చికెన్ తెరియాకి ఒకసారి పూర్తిగా చెప్తాను, మిగతావి దాన్నిబట్టి వస్తాయి. చర్మం ఉన్న తొడ ముక్క, మొమో అని రాసి ఉంటుంది, ఎముక తీసేసే అమ్ముతారు. రెండు పెద్ద ముక్కలకు కాస్త ఉప్పు రాసి, చల్లటి పెనం మీదే చర్మం కిందికి వచ్చేలా పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించండి. నూనె వద్దు. మధ్యస్థ సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కదపకండి. చర్మంలోంచి కొవ్వు కరిగి చిటపటలాడుతుంది, అంచులు తెల్లబడుతూ పైకి వస్తాయి. తిప్పి ఇంకో నాలుగు నిమిషాలు. ఇప్పుడు చాలామంది వదిలేసే పని: కారిన కొవ్వంతా టిష్యూ కాగితంతో తుడిచెయ్యండి. కొవ్వు ఉంటే సాస్ ముక్కకి పట్టదు. తుడిచాక రెండేసి టేబుల్‌స్పూన్ల సోయా సాస్, మిరిన్, సాకే, ఒక టీస్పూను పంచదార కలిపి పోయండి. మొదట చిన్న బుడగలు పొంగుతాయి, నిమిషంన్నర, రెండు నిమిషాల్లో అవి పెద్దవై నెమ్మదిస్తాయి, పెనం వంచితే సాస్ తేనెలా జారుతుంది. అదే గుర్తు, కట్టేయండి. ఇంకో అరనిమిషం ఉంచితే మాడి చేదొస్తుంది.

అత్తయ్యగారికి అదే సాస్‌తో టోఫు. మొమెన్ రకం గట్టిది తీసుకుని, కిచెన్ టిష్యూలో చుట్టి మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు పెడితే నీరు వదిలేస్తుంది. బొటనవేలంత మందాన కోసి, కతకురికో పిండి అద్ది, నూనె మీద రెండు వైపులా ఎర్రగా కాల్చి సాస్ పోయండి. కతకురికో బంగాళాదుంప నుంచి తీసిన పిండి, దొరక్కపోతే మన కార్న్‌ఫ్లోర్ చాలు. చికెన్ కంటే ముందు టోఫు కాలిస్తే ఒకే పెనంతో పని అయిపోతుంది. వేరే పెనం కావాలని ఆవిడ అంటే వేరేదే వాడండి, ఈ విషయంలో పెద్దవాళ్ల పట్టింపును గౌరవించాలి.

వంకాయ ఇష్టపడని తెలుగు ఇల్లు ఉండదు కదా, అందుకని ఇదీ చెప్పాలి. ఇక్కడి వంకాయలు లేతగా, గింజ తక్కువగా ఉంటాయి. మూడు నాలుగు కాయలు ఏటవాలుగా కోసి, కాస్త ఎక్కువ నూనెలో చర్మం వైపు ముందు వేయించండి. మెత్తబడగానే ఒకటిన్నర టేబుల్‌స్పూను మిసో, రెండు టేబుల్‌స్పూన్ల మిరిన్, ఒక టీస్పూను పంచదార కలిపి వేసి ఒక్క నిమిషం తిప్పండి. చివర్న వేయించిన నువ్వులు చల్లండి. మా ఇంటికి వచ్చిన మన పెద్దవాళ్లలో ఇది వద్దన్నవాళ్లు లేరు. మిసో వాసన కొత్తగా అనిపించేవాళ్లకు మొదటి వంటకంగా నేను పెట్టేది కూడా ఇదే.

బాగా ఆలస్యమైన రాత్రికి ఒయాకోదోన్. కోడి మాంసం, గుడ్డు, అన్నం ఒకే గిన్నెలో తినేది. టోక్యోలో నింగ్యోచో దగ్గర తమాహిదే అనే పాత హోటల్లో 1891లో పుట్టిందని చెబుతారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడికి: 200 మి.లీ. దాషి, రెండున్నర టేబుల్‌స్పూన్ల సోయా సాస్, అంతే మిరిన్, ఒక టీస్పూను పంచదార మరిగించి, నిలువుగా కోసిన ఉల్లిపాయ ఒకటి, చిన్న ముక్కల చికెన్ 250 గ్రాములు వేయండి. ఆరేడు నిమిషాల్లో ఉడుకుతుంది. నాలుగు గుడ్లు పగలగొట్టి, నురగ వచ్చేలా గిలక్కొట్టకుండా, తెల్లసొన చారలు కనిపించేలా నాలుగైదు సార్లు మాత్రం కదపండి. మూడొంతుల్లో రెండొంతులు పోసి మూత పెట్టి ఒక నిమిషం, మిగిలింది పోసి మళ్లీ అర నిమిషం. ఇక్కడి పెద్దవాళ్లు గుడ్డు జారుగా ఉండగానే తింటారు. ఇక్కడ గుడ్ల అట్టల మీద వేసే తేదీ పచ్చిగా తినడానికి పనికొచ్చే గడువు, అంత శుభ్రత పాటిస్తారు. చిన్నపిల్లలకు మాత్రం పూర్తిగా గట్టిపడనివ్వండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు పెద్దలకైనా గుడ్డు పూర్తిగా ఉడికించాలి.

చేపకి వంట అన్న మాటే పెద్దది. తక్కువ ఉప్పు పట్టిన సాల్మన్ ముక్కల ప్యాకెట్ల మీద అమాజియో అని ఉంటుంది. పొయ్యి కింద ఉండే గ్రిల్‌లో కాలిస్తే రుచి ఎక్కువే, కానీ ఇల్లంతా వాసన, తర్వాత కడగడం. మామూలు రోజున పెనంలో బేకింగ్ కాగితం పరిచి, మూత పెట్టి, ఒకవైపు నాలుగైదు నిమిషాలు, ఇంకోవైపు మూడు. కాగితం పెనం అంచు దాటి మంట వైపు వేలాడకుండా చూసుకోండి. పెనానికి చేప అంటదు, వాసనా తక్కువ, అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. బాబు కోసం ముళ్లు తీసిన ముక్కలు, హోనెనుకి అని అడగండి.

ఇవి కాక ఫ్రీజర్‌లో ఉడోన్ నూడుల్స్ ఎప్పుడూ ఒక ప్యాకెట్ ఉంచుకోండి. మరిగే నీళ్లలో ఒక నిమిషం చాలు. చలికాలం వస్తే నాబె ఉండనే ఉంది, హకుసాయ్ క్యాబేజీ, టోఫు, పుట్టగొడుగులు కొంబు దాషిలో ఉడకబెట్టి బల్ల మధ్య పెట్టేయడమే, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు.

డబ్బాలో వచ్చే జపనీస్ కర్రీ గురించి ఒక హెచ్చరిక. పిల్లలకు ప్రాణం, అమాకుచి అనే తీపి రకం అసలు కారం ఉండదు. కానీ డబ్బాలో ఉండే రూ (కర్రీ ముద్ద) పలకల్లో చాలావాటిలో గొడ్డు, పంది కొవ్వు ఉంటుంది. కూరగాయలతోనే వండినా అది శాకాహారం కాదు. గొడ్డుమాంసం తినని ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. ఫోన్ కెమెరాతో లేబుల్ అనువదించి చూడండి, జంతువుల కొవ్వు లేని రకాలూ దొరుకుతాయి.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న మంచి సాధనం హోయికుఎన్ వాళ్లు నెలనెలా ఇచ్చే కొందాతెహ్యో. ఏ రోజు పిల్లలకు ఏం పెడతారో రాసిన కాగితం అది. చాలామంది మన తల్లులు అది చదవడం రాక పక్కన పెట్టేస్తారు. ఫోన్‌తో అనువదించి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. బాబు ఏది ఎక్కువ తిన్నాడో టీచర్‌ని అడగండి, సంతోషంగా చెబుతారు. అడిగితే వంట విధానం కాగితం ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి, చాలా నగరాల మునిసిపాలిటీలు బడి భోజనాల వంటకాలను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. మధ్యాహ్నం చేప తిన్న రోజు రాత్రి మళ్లీ చేప పెట్టకుండా ఉండటానికీ ఈ కాగితమే ఆధారం. పైగా అక్కడ ఉప్పు తక్కువ, ముక్క చిన్నది. మీ ఇంట్లోనూ ముక్క అదే సైజులో కోస్తే వాడు సగం పోరు లేకుండా తింటాడు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి, జపనీస్ భోజనం నూనె తక్కువైనంత మాత్రాన ఉప్పు తక్కువ కాదు. ఒక గిన్నె మిసో సూపులోనే సుమారు గ్రామున్నర ఉప్పు పడుతుంది. ఇక్కడి ఆరోగ్య శాఖ రోజుకు మగవాళ్లకు 7.5 గ్రాములు, ఆడవాళ్లకు 6.5 గ్రాముల లోపు ఉండాలంటుంది. అత్తయ్యగారికి బీపీ ఉంటే సూపు రోజుకి ఒక్క గిన్నే పెట్టండి, ముక్కలు ఎక్కువ, ద్రవం తక్కువ. అన్నం మీద ఆవకాయ, పక్కన మిసో సూపు రెండూ ఒకే పూట వద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: ఇండో చైనీస్ వంటకు వాడే నల్లటి డార్క్ సోయా సాస్ దీనికి పనికిరాదు, జపనీస్ పద్ధతిలో పులియబెట్టిందే కొనండి. దోన్‌బురి రకాలకు సోనా మసూరి అన్నం కాస్త మెత్తగా వండితే సరిపోతుంది, ఒనిగిరి ముద్దలు మాత్రం దాంతో నిలవవు.

చివరగా మిరిన్, సాకేల సంగతి. హోన్ మిరిన్‌లో దాదాపు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, సాకేలోనూ సుమారు అంతే. మరిగితే చాలావరకు ఎగిరిపోతుంది కానీ పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం, అందుకే పిల్లల వంటలో సాస్ కనీసం ఒక నిమిషం బాగా మరగనివ్వాలి. అసలే వద్దనుకుంటే మిరిన్-ఫూ చోమిర్యో అని అమ్ముతారు, అందులో ఆల్కహాల్ ఒక శాతం లోపే. అదీ వద్దంటే ఒక టేబుల్‌స్పూను మిరిన్‌కి బదులు ఒక టీస్పూను పంచదార, ఒక టేబుల్‌స్పూను నీళ్లు, సాకేకి బదులు కొంబు దాషి. మెరుపు కాస్త తగ్గుతుంది, రుచి నిలుస్తుంది. ర్యోరిషు అనే వంట సాకేలో ఉప్పు కలిపి ఉంటుంది, అది కొంటే సోయా సాస్ కొంచెం తగ్గించండి. బాబుకి గుడ్డు, సోయా, నువ్వుల అలర్జీ ఏదైనా ఉంటే ఇక్కడే రాయండి, దాన్నిబట్టి వేరే వంటకాలు చెప్తాను.